గ్యాసు కరెంటు వస్తుందని నేను చెప్పిన మాట

ప్రత్యేక సంచికకు మన శాఖ చరిత్రలోంచి ఏదైనా ఒక ఘట్టం రాయమని సంఘం కార్యదర్శి గారు కోరినప్పుడు, ముందు నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రం గురించి రాద్దామనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాక మనసు వేరే దారి పట్టింది. చాలా ఏళ్లుగా ఒక మాట నన్ను ముల్లులా పొడుస్తూ ఉంది. అది ఎవరో నన్నన్న మాట కాదు, నేను ఒక ఊళ్లో రైతులకు చెప్పిన మాట. ఆ మాట వెనుక దేశం గ్యాసు చరిత్ర సగం ఉందని ఉద్యోగం నుంచి దిగిపోయాక గాని నాకు అర్థం కాలేదు. అందుకే దాన్నే మీ ముందు పెడుతున్నాను.

1995 జనవరి 8న తూర్పు గోదావరి జిల్లా పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. తవ్వుతున్న బావి పేలి మంటలు లేచాయి. 65 రోజులు ఆరలేదు. మిత్రులకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో పత్రికల నిండా ఆ మంట ఫొటోలే. అప్పుడు నేను నల్లగొండ జిల్లాలో మునుగోడు వైపు పనిచేస్తున్నాను. ఒక సాయంత్రం ఒక ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు గొడవ తీర్చడానికి వెళితే, రచ్చకట్ట మీద రైతులు ఆ పేపరే చూస్తున్నారు. ఒక పెద్దాయన ఫొటో చూపించి అడిగాడు: "సారూ, ఇంత గ్యాసు ఉత్తగనే కాలిపోతున్నది. దీంతోని కరెంటు రాదా?"

వస్తుందన్నాను. విజ్జేశ్వరంలో ఇప్పటికే వస్తోందన్నాను. జేగురుపాడులో, కాకినాడలో ఇంకా పెద్దవి కడుతున్నారని, నాలుగైదేళ్లు ఓపిక పడితే మీ మోటార్లకు రాత్రీ పగలూ కరెంటు ఉంటుందని చెప్పాను. నేను అబద్ధం చెప్పలేదు. మా ఆఫీసు మీటింగుల్లో నేను విన్నదీ, నమ్మినదీ అదే. ఆ పెద్దాయన ఆ మాట పట్టుకుని రెండు బోర్లు వేయించాడని నాకు తరువాత తెలిసింది.

నది పక్కనే ఉన్నా నీళ్లు రాని సీమ

కరెంటు కోసం ఈ రెండు జిల్లాలు ఎందుకంత ఎదురు చూశాయో మన పిల్లలకు, మనవలకు కొంచెం చెప్పాలి. కృష్ణా నది పాలమూరు జిల్లాలో తెలంగాణలోకి వచ్చి, శ్రీశైలం లోయలు దాటి, నల్లగొండ అంచున సాగర్ దగ్గర ఆగుతుంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు మాత్రం ఎత్తు మీద ఉండిపోయాయి. పాలమూరులో కల్వకుర్తి, అచ్చంపేటల సంగతీ అంతే. నది లోయలో పారుతుంటే ఊళ్లు గట్టు మీద ఉన్నాయి. కిందినుంచి నీళ్లు పైకి రావాలంటే మోటారు తిరగాలి, మోటారు తిరగాలంటే కరెంటు కావాలి. మా సీమలో నీళ్ల సమస్య, కరెంటు సమస్య రెండూ ఒకటే.

1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1969లో కేంద్రం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టాక ఊరూరికీ స్తంభాలు నడిచాయి. మొదట్లో వ్యవసాయ బావుల మీద మూడు, ఐదు హార్స్‌పవర్ల మోటార్లుండేవి. నీళ్లు నలభై, యాభై అడుగుల్లో దొరికేవి. 1980ల మొదట్లో మీటరు లెక్క పోయి, హార్స్‌పవరుకు ఏడాదికి ఇంత అనే స్లాబు వచ్చింది. చెరువులు పూడిపోతున్న కాలం అది. బావులు ఎండితే అందులోనే బోరు దింపారు, ఆ బోరు ఎండితే పక్కన ఇంకోటి వేశారు. రెండు వందల అడుగులు, మూడు వందలు, ఆ పైన ఇంకా లోతుకు. నల్లగొండలో ఎంత లోతుకు పోతే అంత ఫ్లోరైడు నీళ్లు. వాటితో ఎముకలు వంగిపోయిన మనుషులను మనమంతా చూశాం.

లోతు పెరిగేకొద్దీ మోటారు సైజు పెరిగింది. లైను మాత్రం పాతదే. వోల్టేజి పడిపోయి మోటార్లు కాలేవి, ఒకేసారి అన్నీ ఎక్కితే ట్రాన్స్‌ఫార్మరు పోయేది. దాన్ని రైతులే చందాలు వేసుకుని ట్రాక్టరులో మోసుకొచ్చేవారు. త్రీఫేజు కరెంటు ఎక్కువగా రాత్రి పూట ఇచ్చేవాళ్లం. రైతు చేతిలో టార్చిలైటుతో బోరు దగ్గరికి వెళ్లి, తడి చేతులతో స్టార్టరు ముట్టుకునేవాడు. అలా ప్రాణాలు పోయిన ఇళ్లకు వెళ్లి రిపోర్టు రాసుకొచ్చిన వాళ్లు ఈ సంచిక చదివే వారిలో చాలామంది ఉన్నారు. అది చాలా బరువైన కాగితం.

గోదావరి గ్యాసు

ఆ రోజుల్లో రాష్ట్రానికి రెండే ఆధారాలు, బొగ్గు, నీళ్లు. శ్రీశైలం కుడి గట్టున 770 మెగావాట్లు, సాగర్ ప్రధాన కేంద్రంలో సుమారు 816 మెగావాట్లు ఉన్నా వాన లేని ఏడాది అవి అలంకారాలే. బొగ్గు కేంద్రం కట్టడానికి ఏళ్లు పడుతుంది. అటువంటప్పుడు కృష్ణా గోదావరి బేసిన్‌లో ఓ.ఎన్.జి.సి.కి గ్యాసు దొరకడం పెద్ద వరంగా కనబడింది.

గ్యాసు కేంద్రంలో మేలు ఏమిటో సులువుగా చెప్తాను. గ్యాసును మండించి టర్బైనును తిప్పుతారు. బయటికి పోయే వేడిని వదిలేయకుండా దాంతో నీటిని ఆవిరి చేసి ఇంకో టర్బైనును తిప్పుతారు. అందుకే ఇంధనంలోని శక్తిలో సగం దాకా కరెంటుగా మారుతుంది. పాత బొగ్గు కేంద్రాల్లో మూడో వంతే. పైగా బూడిద ఉండదు, సాయంత్రం లోడు పెరిగినప్పుడు తొందరగా ఎక్కించవచ్చు. లోడ్ డిస్పాచ్‌లో పనిచేసిన వారికి దాని విలువ తెలుసు.

విజ్జేశ్వరం మొదలైంది. రెండు దశలూ కలిపి 272 మెగావాట్లు. 1991 తరువాత ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరిచాక జేగురుపాడులో 216, కాకినాడలో 208, తరువాత కొండపల్లిలో మూడు వందల యాభై పైచిలుకు మెగావాట్లు వచ్చాయి. అయితే కేంద్రాలు లేచినంత వేగంగా గ్యాసు రాలేదు. తక్కువ పడినప్పుడు నాఫ్తా కాల్చారు. నాఫ్తా ధర ముడిచమురుతో పాటు ఎక్కుతుంది దిగుతుంది. గ్యాసు కరెంటు ధరను అరబ్బు దేశాల చమురు నిర్ణయించడం అప్పుడే మొదలైంది. మేము గమనించలేదు.

1999లో బోర్డు విడిపోయి జెన్‌కో, ట్రాన్స్‌కో అయింది. 2000లో పంపిణీ కంపెనీలు ఏర్పడ్డాయి. మన రెండు జిల్లాలు సెంట్రల్ డిస్కంలోకి వచ్చాయి. అదే ఏడాది చార్జీలు పెంచినందుకు హైదరాబాదులో ఆందోళన జరిగింది, ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. కరెంటు బిల్లు జనానికి జీవన్మరణ సమస్య అని ఆ రోజు రాష్ట్రమంతా చూసింది. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీదే పడింది.

వచ్చింది, పోయింది

2002లో కాకినాడ తీరానికి దూరంగా, లోతు సముద్రంలో రిలయన్స్ కంపెనీకి పెద్ద గ్యాసు నిక్షేపం దొరికింది. దాన్ని డి-6 బ్లాకు అన్నారు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయవచ్చని లెక్క వేశారు. ఆ లెక్క మీద నమ్మకంతో వేమగిరి, జేగురుపాడు విస్తరణ, గౌతమి, కోనసీమ కేంద్రాలు లేచాయి. నాలుగూ కలిపి సుమారు 1,500 మెగావాట్లు. కొన్ని 2006 నాటికే సిద్ధమై గ్యాసు కోసం కాచుకున్నాయి. తెలంగాణలోనూ శంకరపల్లిలో, కరీంనగర్ జిల్లా నేదునూరులో గ్యాసు కేంద్రాలు కడతామన్నారు.

2009 ఏప్రిల్‌లో గ్యాసు ఒడ్డుకు చేరింది. ఆ ఏడాదే కాకినాడ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా గుజరాత్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల పైపులైను పనిచేయసాగింది. 2010లో ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. మా కంట్రోల్ రూముల్లో ముఖాలు విప్పారాయి. నేను ఆ పెద్దాయనకు చెప్పిన మాట పదిహేనేళ్లు ఆలస్యంగానైనా నిజమవుతోందనుకున్నాను.

ఆ సంతోషం రెండేళ్లు కూడా నిలవలేదు. బావుల్లో ఒత్తిడి తగ్గింది, నీళ్లు, ఇసుక చేరాయి. ఉత్పత్తి ఏడాదికేడాది పడిపోయింది. తప్పు భూగర్భానిదా, తీసినవారిదా అని పెద్ద వివాదమే నడిచింది, దాని జోలికి నేను పోను. 2013 మార్చి నాటికి ఆ బ్లాకు నుంచి విద్యుత్ కేంద్రాలకు గ్యాసు పూర్తిగా ఆగిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 2,700 మెగావాట్ల గ్యాసు కేంద్రాలుంటే చాలామటుకు పడుకున్నాయి. శంకరపల్లి, నేదునూరు కాగితాలు దాటలేదు. దేశం మొత్తం మీద సుమారు 25 వేల మెగావాట్ల గ్యాసు కేంద్రాల్లో 14 వేల మెగావాట్లకు పైగా గ్యాసు లేక నిలిచిపోయాయని 2015లో కేంద్రమే ఒప్పుకుంది. వెయ్యి మెగావాట్ల కేంద్రం నిండుగా నడవాలంటే రోజుకు 45 నుంచి 50 లక్షల ఘనపు మీటర్లు కావాలి. అంత గ్యాసు ఎక్కడినుంచి వస్తుందో ఖాయం చేసుకోకుండానే టర్బైన్లు కొన్నాం.

2012 సెప్టెంబరు నుంచి ఉమ్మడి రాష్ట్రంలో పడ్డ కోతలు మనం మరిచిపోలేం. ఆ ఏడాది కృష్ణలో నీళ్లూ ఆలస్యమయ్యాయి. పరిశ్రమలకు పవర్ హాలిడే, పల్లెలకు గంటల తరబడి కోత. నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు పాత పరిచయం కొద్దీ మళ్లీ ఆ ఊరికి వెళ్లాల్సి వచ్చింది. పెద్దాయన నడుం వంగింది. నన్ను గుర్తు పట్టాడు. తిట్టలేదు. మంచం వాల్చి, చాయ్ తెప్పించి, మెల్లగా అడిగాడు: "సారూ, గ్యాసు కరెంటు వస్తదని జెప్తిరి గదా. యాడికి పోయింది?"

ఐదు బోర్లు వేశాడట. నాలుగు ఎండిపోయాయి. రెండెకరాలు అమ్మాడట. నా దగ్గర జవాబు లేదు. ఫైళ్లు చూసి, లెక్కలు చెప్పి అందరికీ సమాధానాలిచ్చిన వాణ్ణి, ఆయన ముందు చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుండిపోయాను.

ఓడ మీద వచ్చే గ్యాసు

రిటైరయ్యాక తీరిక దొరికింది గనక, ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కున్నాను. మన గ్యాసు చాలకపోతే బయటి గ్యాసు కొనాలి. ఇరాన్ నుంచి పాకిస్తాన్ మీదుగా పైపులైను వస్తుందని 1990ల నుంచి వింటూనే ఉన్నాం, అది రాలేదు. ఇక మిగిలింది ఓడ. గ్యాసును సున్నాకు దిగువన సుమారు 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవమై, ఆరు వందల వంతుల్లో ఒక వంతు జాగాలో ఇముడుతుంది. దాన్నే ఎల్.ఎన్.జి. అంటారు. ఓడలో తెచ్చి రేవులో మళ్లీ గ్యాసు చేస్తారు. ఖతార్‌తో 1999లో ఏటా 75 లక్షల టన్నులకు ఒప్పందం జరిగింది. 2004లో గుజరాత్‌లోని దహేజ్ రేవుకు తొలి ఓడ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఆ ఒప్పందాన్ని 2028 తరువాత మరో ఇరవై ఏళ్లకు పొడిగించారు. కాకినాడ తీరంలోనూ అటువంటి టెర్మినల్ పెడతామన్న మాట ఏళ్ల తరబడి ప్రతిపాదనగానే నడిచింది.

ఇటీవలి సంవత్సరాల్లో దేశం వాడే గ్యాసులో దాదాపు సగం ఇలా దిగుమతి అయ్యేదే. ఖతార్ ఓడలు హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు సందులోంచి రావాలి. అక్కడ యుద్ధ మేఘం కమ్మితే దహేజ్ దాకా దాని నీడ పడుతుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఐరోపా దేశాలు దొరికిన ఓడనల్లా కొనుక్కున్నాయి. ఆ ఆగస్టులో ఆసియా బజారులో గ్యాసు ధర యూనిట్టుకు 50 డాలర్లు దాటింది. 2007లో మన డి-6 గ్యాసుకు కట్టిన ధర అదే యూనిట్టుకు 4.20 డాలర్లు. 2022లోనే గెయిల్ సంస్థకు రావలసిన ఓడలు, అమ్మే కంపెనీ జర్మనీలో చేతులు మారినందువల్ల కొన్ని నెలలు ఆగిపోయాయి. ఒప్పందం చేతిలో ఉన్నంత మాత్రాన ఓడ రేవుకు వస్తుందన్న హామీ లేదని అప్పుడు తేలింది.

అంత ధర పెట్టి కొన్న గ్యాసుతో కరెంటు చేస్తే ఏ డిస్కం కొనగలదు? అందుకే ఓడ గ్యాసు విద్యుత్ కేంద్రాలకు సరిగా అందలేదు. డి-6లో 2020 డిసెంబరు నుంచి కొత్త బావులు ఉత్పత్తి మొదలుపెట్టినా ధర ఎక్కువ ఇచ్చేవారికే ఆ గ్యాసు పోయింది.

మరి కరెంటుకు వాడకపోతే మనకేం సంబంధం అని కొందరు మిత్రులు అడిగారు. సంబంధం యూరియా బస్తాలో ఉంది. యూరియా తయారయ్యేది గ్యాసుతోనే. బొగ్గుతో నడిచిన పాత రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అదే చోట గ్యాసుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏటా 12.7 లక్షల టన్నులు దాని శక్తి. దేశంలో ఎరువుల కర్మాగారాలు వాడే గ్యాసులో ఎక్కువ భాగం ఓడ మీద వచ్చినదే. దేవరకొండ రైతు మడిలో చల్లే యూరియా వెనుక ఖతార్ ఉంది. మన వంటింటి సిలిండరు సంగతి వేరు, అది ఎల్.పి.జి., సహజ వాయువు కాదు. అయితే అందులోనూ సగానికి పైగా దిగుమతే. పింఛను డబ్బుతో సిలిండరు కొనే మనకు ఆ బరువు వేరే చెప్పనక్కరలేదు.

మన నేలలో ఏముంది?

దిగుమతి వద్దంటే మన దగ్గర ఉన్నది వాడాలి. అది చెప్పినంత సులువు కాదని మన రెండు జిల్లాలే సాక్ష్యం. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర యురేనియం ఉంది. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, సాగర్ నీళ్లు చెడిపోతాయని జనం అడ్డుపడ్డారు. నల్లమలలో అమ్రాబాద్ వైపు వెతకబోతే చెంచులు, అడవిని ప్రేమించేవారు లేచారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. దేశానికి ఇంధనం కావాలి నిజమే, దాని కోసం తాగే నీళ్లు పణం పెట్టమంటే ఏ ఊరు ఒప్పుకుంటుంది?

దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి బొగ్గు కేంద్రానికి 2015లో శంకుస్థాపన జరిగితే, తొలి యూనిట్టు 2024 డిసెంబరులో ప్రారంభమైంది. బొగ్గు మన దేశానిదే గాని పొగా బూడిదా కూడా మనవే. పాలమూరు ఎండను శాపమని మన పెద్దలు అనేవారు. ఆ ఎండ మీదే ఇప్పుడు సోలారు పలకలు నడుస్తున్నాయి. పగలు మోటార్లకు అది చాలా మంచిది. సాయంత్రం పొద్దుగూకాక ఏం చేయాలన్నదే చిక్కు. గ్యాసు కేంద్రాలు తీర్చవలసిన అవసరం అది. ఇక్కడ మనకు ఒక పాత ఆస్తి ఉంది. శ్రీశైలం ఎడమ గట్టున భూగర్భంలో ఉన్న 900 మెగావాట్ల కేంద్రంలో, సాగర్‌లో టర్బైన్లు వెనక్కి కూడా తిరుగుతాయి. పగటి మిగులు కరెంటుతో కింది నీళ్లను పైకి తోడి, సాయంత్రం మళ్లీ వదలవచ్చు. ఆ ఎడమ గట్టు కేంద్రంలోనే 2020 ఆగస్టులో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది చనిపోయారు. వారికి ఈ సంచిక ద్వారా మరోసారి నివాళి.

2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు ఇస్తున్నట్టు తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. నేను చెప్పిన మాట అలా నెరవేరింది, గ్యాసుతో మాత్రం కాదు. ఎక్కువగా బొగ్గుతో, కొంత ఎండతో, కొంత బయట కొన్న కరెంటుతో. ఆ వేసవిలో ఆ ఊరి మీదుగా వెళుతూ పెద్దాయన ఇంటి ముందు ఆగాను. చెవులు సరిగా వినబడటం లేదు. గట్టిగా చెప్పాను, కరెంటు వచ్చింది కదా అని.

ఆయన నవ్వాడు. "కరెంటు అయితే వచ్చింది సారూ. మోటార్లు రాత్రీ పగలూ నడువబట్టి బోర్లనే నీళ్లు అడుగంటినయి. ఆటోస్టార్టర్లు తీయమని ఊర్ల దండోరా ఏసినం."

ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసిన నాకు ఆ ఒక్క మాటలో పాఠం దొరికింది. సముద్రం అడుగున గ్యాసు ఎంతుందో సరిగా లెక్క వేయకుండా టర్బైన్లు కొన్న ప్రభుత్వమూ, భూమి అడుగున నీళ్లెన్ని ఉన్నాయో చూడకుండా బోర్లు వేసిన రైతూ, ఆ రెంటి మధ్య నిలబడి భరోసా ఇచ్చిన నేనూ, ముగ్గురం ఒకే పొరపాటు చేశాం. ఉన్నదెంతో కొలుచుకోకుండా రాబోయేదాన్ని ఖర్చు పెట్టాం. ఓడ గ్యాసు మీద మరీ ఆధారపడితే మళ్లీ అదే జరుగుతుంది.

మన పిల్లల్లో, మనవల్లో ఇంజనీర్లున్నారు, ఆఫీసర్లున్నారు. వాళ్లు ఏదో ఒక రోజు ఏదో ఒక ఊరి రచ్చకట్ట మీద నిలబడి రైతుకు మాట ఇవ్వవలసి వస్తుంది. ఇచ్చే ముందు ఆ ఇంధనం ఎక్కడినుంచి వస్తుందో, ఎన్నాళ్లు వస్తుందో, ఎవరి చేతిలో ఉందో కనుక్కుని మరీ ఇవ్వమని ఈ సంఘం తరఫున ఒక పాత ఉద్యోగిగా కోరుకుంటున్నాను.